కలలోంచి బయటికి దారెటు?

మన తెలుగు సినిమాల్లో కలలోంచి మేలుకోవడమంత తేలికైన పని మరొకటి లేదు. హీరో ఊటీ కొండల మీద హీరోయిన్‌తో పల్లవి అందుకుంటాడు. రెండు చరణాలు, నాలుగు చీరలు, ఆరు చొక్కాలు మారిపోతాయి. ఆఖరి పల్లవిలో ఆ అమ్మాయిని కౌగిలించుకోబోతాడు... ధబ్! మంచం మీంచి కింద పడతాడు. చేతుల్లో చూసుకుంటే తలగడ! ఎదురుగా చెంబుతో నీళ్లు పట్టుకుని తల్లి నిలబడి ఉంటుంది. "పొద్దెక్కింది, ఇంకా లేవవేంరా?" హాలంతా నవ్వులు. కథ ముందుకు సాగిపోతుంది.

2010లో 'ఇన్సెప్షన్' వచ్చినప్పుడు ప్రపంచమంతా నోరు తెరుచుకుని చూసింది. అందులో దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ చెప్పిన కిటుకు ఏమిటి? కలలో ఉన్నవాణ్ణి లేపాలంటే వాడు కూర్చున్న కుర్చీని వెనక్కి తోసెయ్యాలి. పడుతున్నానన్న ఆ ఝల్లుతో వాడు మేలుకుంటాడు. దానికి 'కిక్' అని పేరు పెట్టారు. లియొనార్డో డికాప్రియోని అలాగే నీళ్ల తొట్టిలోకి తోస్తారు కూడా. ఏమాటకామాటే చెప్పుకోవాలి. మన నులక మంచాలూ, మన అమ్మల నీళ్ల చెంబులూ ఈ పని ఏనాటి నుంచో చేస్తున్నాయి! కాకపోతే వాటికి నాలుగు ఆస్కార్లు ఎవరూ ఇవ్వలేదు.

నవ్వులాటకేం గానీ, అసలు సంగతికి వద్దాం. ఇది కల అని మీకు తెలిసిపోయింది. కలలోనే తెలిసిపోయింది. బయటికి వచ్చేద్దామనుకున్నారు. రాలేకపోయారు. అరిస్తే గొంతు పెగలదు. పరిగెడితే కాళ్లు కదలవు. తోసేవాళ్లు లేరు, నీళ్లు చల్లేవాళ్లు లేరు, "కట్" చెప్పే దర్శకుడు లేడు. అప్పుడేం చెయ్యాలి?

ఇది నాకు కాలక్షేపం ప్రశ్న కాదు. ఒక ఏడాది పాటు నా నిద్ర పాడుచేసిన ప్రశ్న. అందుకే దొరికిన పుస్తకమల్లా చదివాను, కలల మీద వచ్చిన బొమ్మలన్నీ మళ్లీ వేసుకు చూశాను. తెలుసుకున్నది మీతో పంచుకుందామనే ఈ నాలుగు ముక్కలూ.

ఎరుక కల

కలలో ఉన్నామని కలలోనే తెలియడాన్ని ఇంగ్లీషులో 'లూసిడ్ డ్రీమ్' అంటారు. మన మాటల్లో 'ఎరుక కల' అనుకుందాం. ఆ ఇంగ్లీషు పేరును వాడుకలోకి తెచ్చినాయన ఫ్రెడరిక్ వాన్ ఈడెన్. హాలెండు దేశపు వైద్యుడు, రచయిత కూడాను. 1898 నుంచి 1912 దాకా తనకు వచ్చిన ఇలాంటి కలలను వరసగా రాసుకుని, 352 లెక్క తేల్చి, 1913లో ప్రచురించాడు.

ఆయన రాసినవాటిలో ఒక సంగతి సినిమావాళ్లకు తెగ నచ్చుతుంది. కలలో ఒక గాజు గ్లాసును పిడికిలితో గట్టిగా కొట్టాడట. పగల్లేదు. కాసేపాగి మళ్లీ చూస్తే పగిలి ఉంది! రంగస్థలం మీద సమయానికి అందుకోలేని నటుడిలా ఆ గ్లాసు ఆలస్యంగా పగిలిందని ఆయనే పోల్చుకున్నాడు. చూశారా, మన బుర్రలో ఉన్న కళాదర్శకుడు సెట్టు బాగానే వేస్తాడు గానీ, ట్రిక్కు షాట్ల దగ్గర తడబడతాడు.

'కలలో తెలివి ఏమిటండీ, అంతా కల్పన' అని శాస్త్రజ్ఞులు చాలాకాలం కొట్టిపారేశారు. రుజువు 1975లో దొరికింది. అదే, మనకు 'షోలే' వచ్చిన ఏడాది. ఏప్రిల్ 12 తెల్లవారుజామున, ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు అలాన్ వర్స్‌లీ అనే ఆయన్ను తీగలు తగిలించి పడుకోబెట్టాడు. 'కల వచ్చి, అది కల అని తెలియగానే కళ్లను కుడి ఎడమలకు ఇన్నిసార్లు తిప్పు' అని ముందే ఒప్పందం. నిద్రలో ఒళ్లంతా కట్టెలా పడి ఉన్నా కళ్లు మాత్రం కదులుతాయి కదా! యంత్రం మీద కాగితం నడుస్తోంది. ఉన్నట్టుండి ఆ కాగితం మీద గీతలు అనుకున్న లెక్క ప్రకారం కుడికీ ఎడమకీ ఊగాయి. కలలోపలి నుంచి మెలకువ లోకానికి వచ్చిన మొదటి టెలిగ్రాం అదే అనుకోండి! ఆ కబురు తెలియకుండానే అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్ ఇదే పని విడిగా చేసి, 1981లో ప్రచురించాడు.

2021కి వచ్చేసరికి మాటామంతీ కూడా సాగింది. అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, హాలెండుల్లో 36 మందితో చేసిన ప్రయోగాల్లో, కలలో ఉన్న ఒక కుర్రాణ్ణి 'ఎనిమిదిలోంచి ఆరు తీస్తే ఎంత?' అని అడిగారు. నిద్ర లేవకుండానే కళ్లు రెండుసార్లు తిప్పి 'రెండు' అని జవాబు చెప్పాడు!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బయటికి దారి ఎక్కడుందో ఈ ప్రయోగాల్లోనే దొరుకుతుంది. కాస్త ఓపిక పట్టండి.

అరిస్తే ఎందుకు వినపడదు?

కలలు చిక్కగా వచ్చే నిద్రకు 'రెమ్' నిద్ర అని పేరు. మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా తిరుగుతుంటాయి. షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ దీన్ని 1953లో లోకానికి చెప్పారు. సుమారు గంటన్నరకోసారి ఈ నిద్ర వస్తుంది. తొలిఝాములో పది నిమిషాలుండేది తెల్లవారుజాముకు బాగా సాగుతుంది. తెల్లవారుజాము కలలు నిజమవుతాయని మన పెద్దవాళ్లు అనేవారు. నిజమవడం మాట ఎలా ఉన్నా, బాగా గుర్తుండేవి మాత్రం అవే. నిడివి ఎక్కువ, పైగా మేలుకునే వేళ.

ఈ నిద్రలో మెదడు ఒక జాగ్రత్త చేస్తుంది. కలలో మీరు విలన్‌ను తన్నినప్పుడల్లా పక్కమీద ఉన్న కాలు లేస్తే పక్కనున్నవాళ్ల గతేంకాను? అందుకని మెదడు కాండం దగ్గరే కండరాలకు వెళ్లే ఆజ్ఞలను ఆపేస్తుంది. చేతులు, కాళ్లు, మెడ, గొంతు అన్నీ బిగుసుకోవు, సడలిపోతాయి. రెండే మినహాయింపులు. ఒకటి కళ్లు, రెండు ఊపిరి.

అందుకే కలలో 'రక్షించండి!' అని మీరు గొంతు చించుకున్నా బయటికి వచ్చేది చిన్న మూలుగే. గిల్లుకున్నా లాభం లేదు. కల చెయ్యి కల చర్మాన్ని గిల్లుతుంది, అంతే. కావాలంటే నొప్పిని కూడా మెదడే సరఫరా చేస్తుంది! 1984లో వెస్ క్రేవన్ తీసిన 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్'లో నాన్సీ అనే అమ్మాయి కలలో కాలుతున్న గొట్టానికి చెయ్యి ఆనించి, ఆ మంటతో మేలుకుంటుంది. తెర మీద గొప్పగా ఉంటుంది గానీ, నమ్ముకోదగ్గ ఉపాయం కాదు.

మరి నోలన్‌గారి 'కిక్'? నిద్ర పట్టీపట్టనప్పుడు మెట్టు తప్పినట్టు ఒళ్లు ఝల్లుమని ఉలిక్కిపడతాం చూడండి, అది అందరికీ అనుభవమే. కానీ అది నిద్ర గుమ్మం దగ్గరి సంగతి. చిక్కని కల మధ్యలో కొండ మీంచి దూకితే మేలుకుంటామన్న పూచీ లేదు. ఎర్వే ద సాన్-దెనీ అనే ఫ్రెంచి పండితుడు, చిన్ననాటి నుంచి కలలు రాసుకున్న మనిషి, 1867లో ఒక పుస్తకం వేశాడు. చచ్చిపోతే ఎలా ఉంటుందో చూద్దామని ఓసారి తెలిసి తెలిసి కలలో ఎత్తైన చోటు నుంచి దూకాడట. ఏమైంది? మేలుకోలేదు. దృశ్యం మారిపోయింది! ఒక పెద్ద చర్చి ముందు గుంపులో తాను నిలబడి ఉన్నాడు. ఎవరో పైనుంచి దూకి చనిపోయారని జనం చెప్పుకుంటున్నారు, శవాన్ని మోసుకుపోతున్నారు. ఎంత చక్కటి కట్ షాట్! సినిమా పుట్టక ముందే ఆయన బుర్రలో ఎడిటరున్నాడు.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. 'ఇన్సెప్షన్'లో నాయకుడి భార్య మాల్, తానింకా కలలోనే ఉన్నానన్న భ్రమతో, మేలుకుందామని కిటికీలోంచి దూకి ప్రాణం తీసుకుంటుంది. కల అనిపించినంత మాత్రాన దూకడం, కోసుకోవడం, కాల్చుకోవడం పరీక్షలు కావు. ఇది కలా నిజమా అని తేల్చుకోవడానికి ప్రమాదం లేని పద్ధతులు ఉన్నాయి. చెబుతాను.

నా కథ

మా నాన్నగారు పోయిన మూడో నెలలో మొదలైంది. బందరులో మా పాత పెంకుటిల్లు. అరుగు మీద చేతి అద్దం పెట్టుకుని నాన్నగారు గడ్డం గీసుకుంటున్నారు. చెంప మీద సబ్బు నురుగు. "ఒరేయ్, మొదటాటకి టైమవుతోంది, తెములు" అన్నారు. ఆయనతోనే నేను సినిమాలు చూడ్డం నేర్చుకున్నాను. ఆ మాట ఆయన వెయ్యిసార్లు అనే ఉంటారు.

ఆ క్షణంలోనే తెలిసిపోయింది, ఆయన లేరని. లేని మనిషి మాట్లాడుతున్నాడంటే ఇది కల. సంతోషించాల్సింది పోయి నాకు ఊపిరాడలేదు. బయటపడాలి! అరిచాను, గొంతు రాలేదు. గిల్లుకున్నాను, నొప్పి కూడా పుట్టింది. వీధిలోకి పరిగెత్తాను, వీధి చివర మళ్లీ మా అరుగే.

మేలుకున్నాను. హైదరాబాదులో మా పడగ్గది. పైన ఫ్యాను తిరుగుతోంది, గోడకు క్యాలెండరు. హమ్మయ్య అనుకుని మా ఆవిడను కేకేశాను. "వస్తున్నా, కాఫీ కలుపుతున్నా" అని వంటింట్లోంచి జవాబొచ్చింది. గ్లాసు పట్టుకున్న చెయ్యి కర్టెను పక్కకు జరిపింది. ఆ చేతికి మా నాన్నగారి గడియారం!

మళ్లీ మేలుకున్నాను. మళ్లీ ఫ్యాను, క్యాలెండరు, కాఫీ. అలా మూడుసార్లు. ఆఖరికి నిజంగా తెల్లవారి, నిజంగానే మా ఆవిడ కాఫీ తెస్తే, గ్లాసు పుచ్చుకోవడానికి చెయ్యి చాపలేకపోయాను. ఆవిడ ముఖం చూసి భయపడ్డాను. ఆవిడ నా ముఖం చూసి భయపడింది.

దీనికి 'దొంగ మెలకువ' అని పేరు పెట్టుకోవచ్చు. వాన్ ఈడెన్ దీన్ని కూడా వర్ణించి పెట్టాడు. 2001లో రిచర్డ్ లింక్‌లేటర్ 'వేకింగ్ లైఫ్' అని తీసిన బొమ్మంతా ఇదే వ్యవహారం. నటులను వీడియో తీసి, దాని మీద బొమ్మలు గీసిన చిత్రం అది. అందులో కుర్రాడు మేలుకుంటాడు, అది కల. మళ్లీ మేలుకుంటాడు, అదీ కలే. అంకెల గడియారం చూస్తే అంకెలు కుదురుగా నిలవవు. లైటు స్విచ్చి నొక్కితే వెలుగు మారదు. నేనా బొమ్మ చూసిన రోజున, నాలాంటివాడు ఇంకొకడున్నాడని ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఆ ఏడాది నాకు నిద్రంటేనే భయం పట్టుకుంది. పదకొండింటికి పక్క ఎక్కాల్సినవాణ్ణి రెండింటిదాకా ఏదో బొమ్మ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. సత్యజిత్ రాయ్ 'నాయక్' (1966) అలా ఎన్నిసార్లు చూశానో! కలకత్తా నుంచి ఢిల్లీకి రైల్లో వెళుతున్న స్టార్ హీరో అరిందమ్‌కి కల వస్తుంది. ఉత్తమ్ కుమార్ వేషం. నోట్ల గుట్టల మధ్య హాయిగా నడుస్తుంటాడు. ఉన్నట్టుండి ఆ నోట్లే ఊబి అవుతాయి. తనకు నటన నేర్పిన శంకర్‌దాను చెయ్యి అందించమని కేకలు పెడతాడు. ఆ చెయ్యి అతన్ని పైకి లాగదు. ఎంత గింజుకుంటే అంత లోపలికి. ఊబి స్వభావమే అది. కలకు కూడా అదే స్వభావమని నాకు అక్కడ తట్టింది.

దారి ఇటు!

ఇప్పుడు ఆ రెండు మినహాయింపులు గుర్తు చేసుకోండి. కళ్లు, ఊపిరి. కల గదికి తాళం వెయ్యని తలుపులు ఈ రెండే. అలాన్ వర్స్‌లీ కబురు పంపింది కూడా ఈ తలుపులోంచే.

మొదటి ఉపాయం: కదలకుండా నిలబడండి. కలలో ఏదో ఒక చిన్న వస్తువును, గోడ మేకు కావచ్చు, తలుపు గొళ్లెం కావచ్చు, ఎంచుకుని రెప్పవాల్చకుండా దాన్నే చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాల్ థోలీ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీన్ని బాగా పరీక్షించి చూశాడు. కొన్ని సెకన్లలోనే దృశ్యం మసకబారి, ముద్దయి, కల కరిగిపోతుంది. కనుగుడ్లు తిరిగితేనే ఆ నిద్ర. చూపు నిలిపేస్తే దాని కాళ్లు విరిచినట్టే. ప్రొజెక్టరులో రీలు కదలకుండా ఆగితే ఆ ఫ్రేము కాలిపోయేది చూడండి ఆరోజుల్లో, అచ్చం అలాగే.

దీనికి తిరగేసిన తమాషా ఒకటుంది. ఎరుక కలలు కావాలని సాధన చేసేవాళ్ల బాధ మనకు పూర్తిగా ఎదురు. వాళ్లకు కల అని తెలియగానే సంబరంతో మెలకువ వచ్చేస్తుంది! దాన్ని పట్టి ఉంచడానికి లాబెర్జ్ ఏం చెప్పాడో తెలుసా? కలలో బొంగరంలా గిర్రున తిరగమన్నాడు, లేదా చేతులు రుద్దుకోమన్నాడు. అంటే తిరిగితే కల నిలుస్తుంది, నిలిస్తే కల పోతుంది. నోలన్ బొంగరాన్ని తిప్పి చూపించింది కల అవునో కాదో తేల్చుకోవడానికి. లాబెర్జ్ మనిషినే బొంగరంలా తిప్పాడు, కల జారిపోకుండా!

రెండో ఉపాయం: కళ్లు గట్టిగా మూసి, టపటపా తెరవండి. నాలుగైదుసార్లు చెయ్యండి. చాలామందికి అసలు రెప్పలు కూడా తెరుచుకుంటాయి.

మూడోది ఊపిరి. గొంతు మీ మాట వినకపోయినా ఊపిరి కొంత వింటుంది. నేను మా ఆవిడతో ఒప్పందం చేసుకున్నాను. "రాత్రి నేను గబగబా ఎగశ్వాస తీస్తుంటే పేరు పెట్టి పిలిచి, భుజం తట్టు" అన్నాను. "పేరు పెట్టి పిలవడమా? నలభై ఏళ్లలో ఎన్నడూ పిలవలేదు, ఇప్పుడు పిలుస్తానా!" అంది. ఆఖరికి "ఏమండీ"కి రాజీ పడ్డాం. రెండుసార్లు పనికొచ్చింది.

నాలుగోది విచిత్రంగా ఉంటుంది. కలలోనే పడుకుని కళ్లు మూసుకోండి. జరుగుతున్న కథ మీద ఆసక్తి తీసెయ్యండి. ప్రేక్షకుడు లేచి వెళ్లిపోతే ఆట ఎవరికోసం ఆడతారు?

కల పోయి మెదడు మేలుకున్నా ఒళ్లు ఇంకా లేవకపోవడం ఒకటుంది. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, గదిలో ఎవరో నిలబడినట్టు ఉంటుంది. 'దయ్యం అదిమింది' అంటారు మన పల్లెల్లో. అది దయ్యం కాదు. ఇందాక చెప్పిన కండరాల తాళం కొన్ని క్షణాలు ఆలస్యంగా ఊడుతోంది, అంతే. మొత్తం ఒంటిని లేపాలని పెనుగులాడకుండా, కాలి బొటనవేలో, చేతి చిటికెనవేలో కదిలించడానికి చూడండి. ఊపిరి నిదానంగా తియ్యండి. దానంతటదే వదులుతుంది.

మేలుకున్నాక కూడా రెండు పనులున్నాయి. వెంటనే మళ్లీ తల వాల్చకండి. అదే నిద్రలోకి, అదే కలలోకి జారే అవకాశం ఎక్కువ. లేచి దీపం వేసి, ముఖం కడుక్కుని, ఐదు నిమిషాలు కూర్చోండి. ఆ తర్వాత పరీక్ష. ముక్కు రెండువైపులా మూసి, నోరు మూసి, ఊపిరి పీల్చి చూడండి. ఆడిందా, అది కల. ఆడలేదా, మీరు మెలకువగానే ఉన్నారు. లేదా క్యాలెండరు మీద ఒక మాట చదివి, పక్కకు చూసి, మళ్లీ చదవండి. కలలో అక్షరాలు రెండోసారికి వేషం మార్చేస్తాయి. రుజువుకు నేను రెండూ చేసేవాణ్ణి.

ఇవేవీ పని చెయ్యకపోతే? అప్పుడు కూడా భయం లేదు. 'ఇన్సెప్షన్'లో ఐదు నిమిషాల నిద్రలో కలలో గంట గడిచిపోతుందని లెక్క చెప్పారు. లాబెర్జ్ కలలో ఉన్నవాళ్లచేత అంకెలు లెక్కపెట్టించి చూస్తే, పది సెకన్లు కలలోనూ దాదాపు పది సెకన్లే! ఏళ్ల తరబడి కలలో చిక్కుకుపోవడం తెర మీది ముచ్చటే. రెమ్ నిద్ర దాని వేళకు అది ముగుస్తుంది. ఏ రీలుకైనా చివర ఉంటుంది.

తిరిగి చూస్తే

ఒళ్లు సంగతి ఇదయితే, భయం సంగతి వేరు. సాన్-దెనీకి పదేపదే వచ్చే పీడకల ఒకటుండేదట. రాక్షసులు తరుముతుంటే గది తర్వాత గదిలోకి పారిపోవడం, తలుపులు వెయ్యడం. ఒకసారి కల అని తెలియగానే పారిపోవడం మానేసి, గోడకు వీపు ఆనించి, ఆ రాక్షసుడివంక నిదానంగా చూశాడు. వాడి రూపంలో ఒక్కో వివరం గమనిస్తూ పోయేసరికి చివరికి గుడ్డపీలికలు, ముసుగులు మిగిలాయి! థోలీ కూడా అదే చెప్పాడు: తరిమేవాడి నుంచి పారిపోకండి, ఎదురుగా నిలబడి 'నువ్వెవరు?' అని అడగండి. ఎల్మ్ స్ట్రీట్ నాన్సీ కూడా ఆఖర్న చేసింది అదే. ఫ్రెడ్డీకి వీపు తిప్పి, నీకిచ్చిన బలమంతా వెనక్కి తీసుకుంటున్నానంటుంది.

అన్నట్టు, ఆ బొమ్మకు బీజం నిజం సంఘటనలు. లావోస్ ప్రాంతం నుంచి అమెరికాకు వలస వెళ్లిన శరణార్థుల్లో కొందరు యువకులు నిద్రలోనే చనిపోయారన్న పత్రికా వార్తలు క్రేవన్‌ను కదిలించాయి. అలాంటి మరణాల్లో కొన్నిటి వెనక గుండె లయ తప్పే 'బ్రుగాడా' అనే జబ్బు ఉందని తర్వాత తేలింది. చంపింది కల కాదన్నమాట. కాబట్టి నిద్రలో గుండె దడ, స్పృహ తప్పడం ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో నిద్రలో పోయినవాళ్లున్నవాళ్లు, కలలో చేసినట్టే పక్కమీద తన్నేవాళ్లు, వారంలో నాలుగు రాత్రులు ఈ బాధ పడేవాళ్లు ఉపాయాలతో సరిపెట్టుకోకండి. డాక్టరుకు చూపించుకోండి. పదేపదే వచ్చే పీడకలకు చికిత్స కూడా ఉంది. పగటిపూట ఆ కలను కాగితం మీద పెట్టి, దాని ముగింపు మీ ఇష్టప్రకారం తిరగరాసి, రోజూ కాసేపు మనసులో వేసుకు చూడటం. సినిమావాళ్లకు కొత్త కాదు. క్లైమాక్సు జనానికి నచ్చకపోతే రీషూటు చెయ్యమూ?

నా రీషూటు సంగతి కూడా చెప్పేస్తాను. దాదాపు ఏడాది తర్వాత మళ్లీ అదే అరుగు, అదే అద్దం, అదే నురుగు. "మొదటాటకి టైమవుతోంది." గోడకు మేకు ఉంది. దాన్ని చూస్తూ నిలబడితే ఐదారు క్షణాల్లో బయటపడిపోతానని నాకు తెలుసు. తెలుసు గనకే తొందర లేకపోయింది. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. "నాన్నగారూ, మీరు వెళ్లిపోయారు కదా" అన్నాను. ఆయన నురుగు తుడుచుకుంటూ "తెలుసురా. అయితే ఏం? ఏం బొమ్మ ఆడుతోందో చెప్పు" అన్నారు.

చెప్పాను. కాసేపు కూర్చున్నాం. తర్వాత నేనే మేకువైపు చూశాను.

మూడుసార్లు మేలుకోవాల్సిన పని రాలేదు. తలగడ తడిసింది గానీ గుండె దడ లేదు. మా ఆవిడ కాఫీ తెస్తే చెయ్యి చాపి పుచ్చుకున్నాను.

ఇన్ని పుస్తకాలు తిరగేసి, ఇన్ని బొమ్మలు చూసి నేను పట్టుకున్న ముక్క ఒక్కటే. కలలో మనల్ని బంధించేది కల కాదు, దారి లేదన్న భయం. ఎక్కడో వాకిలి ఉందని, దాని గొళ్లెం మన కంటిచూపులోనే ఉందని ఒకసారి తెలిస్తే, ఆ క్షణమే పారిపోవాలన్న ఆత్రం సగం చచ్చిపోతుంది. ఉండాలనిపిస్తే ఉండొచ్చు, వెళ్లాలనిపిస్తే వెళ్లొచ్చు. హాల్లో 'బయటికి దారి' అని ఎర్రదీపం వెలుగుతూ ఉంటుంది చూశారా? మనం దానివంక చూడనైనా చూడం. కానీ అది వెలుగుతోంది గనకే అంత చీకట్లో, అంతమంది మధ్య, మూడు గంటలు నిశ్చింతగా కూర్చుని బొమ్మ చూడగలుగుతున్నాం.

ఈ రాత్రి పడుకోబోయే ముందు మీ గదిలో ఒక మేకు ఎంచుకుని పెట్టుకోండి. శుభం!